బెజవాడలో మద్రాసు–కలకత్తా రోడ్డు ఎక్కడెక్కడ తిరిగింది? ఏలూరు రోడ్డు నుంచి గొల్లపూడి వంతెన దాకా

కృష్ణలంక_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇప్పుడు హైవే అంటే మనకి రామవరప్పాడు రింగ్, బెంజ్ సర్కిల్, స్క్రూ బ్రిడ్జి, కృష్ణ మీద కనకదుర్గమ్మ వారధి. మా తాతయ్యేమో కలకత్తా లారీలు ఏలూరు రోడ్డు మీద నుంచే పోయేవంటారు. మా నాన్న అయితే మద్రాసు వెళ్ళే బస్సులన్నీ ప్రకాశం బ్యారేజీ ఎక్కేవంటాడు. ఇప్పుడు గొల్లపూడి దగ్గర కృష్ణ మీద ఇంకో వంతెన కట్టి హైవేని అటు తిప్పుతున్నారు. ఒకే ఊళ్ళో ఒకే రోడ్డు ఇన్ని చోట్లకి ఎందుకు మారింది? ఎప్పుడు ఎటు వెళ్ళింది? తెలిసినవాళ్ళు చెప్తే వరసగా రాసిపెట్టుకుంటాను. ముఖ్యంగా శివారు భాగం కావాలి: ఇటు రామవరప్పాడు నుంచి గన్నవరం వైపు, అటు తాడేపల్లి నుంచి మంగళగిరి వైపు. ఊళ్ళో సంగతి చాలామంది రాశారు, శివార్ల గురించి ఎవరూ రాయలేదు.

మాచవరం_మాస్టారు:
బాబూ, ముందు రోడ్డుని వెతక్కు. కృష్ణని ఎక్కడ దాటేవారో వెతుకు. దాటే చోటు మారినప్పుడల్లా ఈ ఊళ్ళో రోడ్డు మారింది. మిగతాదంతా దాని వెనకాల నడిచిందే.

మద్రాసు నుంచి ఉత్తరానికి వచ్చే దారిని ఇంగ్లీషువాళ్ళ కాలంలో గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు అనేవారు. జీఎన్‌టీ రోడ్డు అని చెన్నైలోనూ, మన ఏలూరులోనూ ఈనాటికీ అడ్రసుల్లో రాస్తారు. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, మంగళగిరి దాటి వచ్చిన ఆ దారి సీతానగరం దగ్గర ఏటి ఒడ్డుకి చేరేది. ఇవతల ఇంద్రకీలాద్రి, అవతల సీతానగరం కొండ. ఆ రెంటి మధ్యా కృష్ణ ఇరుకై కిలోమీటరు పైచిలుకు వెడల్పుకి వస్తుంది. అక్కణ్ణించి దిగువకి పోతే లంకలు, ఇసుక మేటలు, ఏరు ఎటు పారుతుందో ఏటికే తెలియదు. అందుకే ఆనకట్ట కట్టాలన్నా, వంతెన వెయ్యాలన్నా ఆ ఇరుకు దగ్గరే కుదిరింది.

కాటన్ దొర పథకం ప్రకారం ఓర్ అనే ఇంజనీరు 1852లో మొదలుపెట్టి 1855కి ఆనకట్ట పూర్తి చేశాడు. అది నీళ్ళు మీద నుంచి పొర్లిపోయే రాతికట్ట. దాని మీద రోడ్డు లేదు. 1893లో రైలు వంతెన వచ్చింది, అదీ రైలుకే. బళ్ళూ మనుషులూ ఏరు దాటాలంటే పడవే. అంటే ఎంత పెద్ద ట్రంక్ రోడ్డయినా బెజవాడ దగ్గర తెగిపోయి, అవతలి ఒడ్డున మళ్ళీ మొదలయ్యేది.

1952లో పాత ఆనకట్టకి గండి పడింది. దాని బదులు కొత్త బ్యారేజీ 1954లో మొదలై 1957లో పూర్తయింది. డెబ్భై గేట్లు, 1223 మీటర్ల పొడవు, పైన రోడ్డు. ఆ ఏడాదే మే నెలలో ప్రకాశం పంతులు గారు పోయారు, ఆయన పేరే పెట్టారు. మద్రాసులో బయల్దేరిన లారీ చక్రం తడవకుండా కలకత్తా వైపు సాగిపోవడానికి బెజవాడలో దారి పడింది ఆ బ్యారేజీతోనే. అందరూ బ్యారేజీని నీళ్ళ కోసం కట్టిందిగానే చూస్తారు. నా లెక్కలో ఈ ఊరిని ఊరుగా పెంచింది దాని మీద వేసిన రెండు వరసల రోడ్డు.

కృష్ణలంక_కుర్రాడు:
మాస్టారూ, బ్యారేజీ దిగాక ఎటు వెళ్ళేది?

మాచవరం_మాస్టారు:
దిగగానే వినాయకుడి గుడి. అక్కడే హైదరాబాదు రోడ్డు కూడా కొండ కింద నుంచి వచ్చి కలిసేది. కలకత్తా దారి కాళేశ్వరరావు మార్కెట్ పక్క నుంచి ఏలూరు రోడ్డు పట్టేది. లెనిన్ సెంటరు, విజయ టాకీసు, అప్సర, పుష్పా హోటల్ సెంటరు, సీతారాంపురం, చుట్టుగుంట, మారుతీనగర్, మాచవరం డౌను, పడవలరేవు, గుణదల, రామవరప్పాడు. మున్సిపాలిటీ దానికి కార్ల్ మార్క్స్ రోడ్డని పేరు పెట్టింది. ఐదో నంబరు జాతీయ రహదారి అంటే అదే అప్పట్లో.

పడవలరేవు పేరు ఊరికే రాలేదు. ఏలూరు కాలువ మీద సరుకుల పడవలు నడిచేవి. కృష్ణ కాలువా గోదావరి కాలువా ఏలూరులో కలుస్తాయి కాబట్టి బెజవాడలో ఎక్కించిన బస్తాలు నీళ్ళ మీదే గోదావరి జిల్లాలకి పోయేవి. రోడ్డు ఆ కాలువని పట్టుకునే సాగింది. లారీలు పెరిగేదాకా సరుకంతా కాలువదే, రోడ్డు దానికి తోడు.

పటమట_పాతకాపు:
మాస్టారు గారు చెప్పింది బాగానే ఉంది కానీ, ఒక్క మాట. పాతదీ పెద్దదీ బందరు రోడ్డేనండి. ఇంగ్లీషువాళ్ళు బందరులో 1611లోనే ఫ్యాక్టరీ పెట్టారు. గోల్కొండ సరుకు రేవుకి చేరేది ఈ దారినే. కలకత్తా రోడ్డు తర్వాతి మాట. ఇబ్రహీంపట్నం, గొల్లపూడి, భవానీపురం, కుమ్మరిపాలెం, కొండ కింద, అక్కణ్ణించి బందరు రోడ్డు, పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, బందరు. పుణె నుంచి బందరు దాకా తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, 841 కిలోమీటర్లు. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 65 అయింది, ఐదోది 16 అయింది. రోడ్డు మీద జనానికి కొత్త నంబరు అలవాటు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మాచవరం_మాస్టారు:
బందరు దారి పాతదే, కాదనను. కానీ 1864 ఉప్పెనలో బందరు దెబ్బతింది, ఆ తర్వాత రైలు బెజవాడ చేరింది, సరుకు ఇటు తిరిగింది. అక్కణ్ణించి బందరు రోడ్డు బందరుకి పోయే రోడ్డుగా మిగిలింది. దేశం నడుమ రాకపోకలు మాత్రం ఏరు దాటే దారిదే. ఈ కుర్రాడు అడిగింది దాని సంగతి.

ఆటోనగర్_డ్రైవర్:
నమస్తే అండి. లారీ తోలినవాణ్ణి. బ్యారేజీ మీద లోడు లారీ ఎక్కించడం అంటే ఎదర బండి కదిలితేనే మన బండి. రెండు లారీలు ఎదురుపడితే అద్దాలు మూసుకోవాల్సిందే. దిగాక వన్ టౌన్ జనం, రిక్షాలు, మార్కెట్ బళ్ళు. పగలు ఊళ్ళోకి రావడం కంటే మంగళగిరి దగ్గరే ఆపి పడుకుని తెల్లారుజామున దాటేవాళ్ళం. గుణదల మేరీమాత తిరునాళ్ళు ఫిబ్రవరిలో, దసరా కొండ మీద. ఆ రోజులు వస్తున్నాయంటే మాకు గుండె దడే, ఎందుకంటే రెండూ సరిగ్గా హైవే మీదే.

వారధి వచ్చాక బతుకు మారింది. బ్యారేజీ మీద పెద్ద బళ్ళు బంద్ చేశారు. తాడేపల్లి నుంచి నేరుగా వారధి ఎక్కి, స్క్రూ బ్రిడ్జి, బెంజ్ సర్కిల్, రామవరప్పాడు, అంతే. ఊరు ముట్టుకోకుండా పోయాం కొన్నాళ్ళు.

సివిల్_సైట్:
డ్రైవరన్న చెప్పిన ఆ "కొన్నాళ్ళు" చాలా ముఖ్యమైన మాట. దాని మీద కొంచెం వివరంగా రాస్తాను.

కనకదుర్గమ్మ వారధి 1990లలో వాడకంలోకి వచ్చింది. దిగువన ఏరు వెడల్పు, పునాదులు లోతు. కాటన్ కాలంలో ఊహించలేని చోట ఈ కాలపు పైల్ ఫౌండేషన్లతో సాధ్యమైంది. మాస్టారు చెప్పినట్టు దాటే చోటు మారింది, దాంతో హైవే రెండు కొండల ఇరుకు నుంచి బయటపడి ఊరికి తూర్పు పక్కకి జరిగింది. తర్వాత 1999లో మొదలైన స్వర్ణ చతుర్భుజిలో చెన్నై–కోల్‌కతా భుజం నాలుగు వరసలైంది. ఆ తర్వాత ఆరు వరసలు.

అప్పట్లో బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు దాకా ఊరి బయట అనిపించేది. పక్కన హెల్త్ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ ఉన్నా మధ్యలో ఖాళీలు చాలా ఉండేవి. బైపాస్ అని వేసిన రోడ్డుకి రెండు పక్కలా ఎక్కడపడితే అక్కడ నుంచి ఎక్కడానికి వీలుంటే ఏమవుతుంది? ముందు పెట్రోలు బంకు, తర్వాత హోటల్, కల్యాణ మండపం, ఆసుపత్రి, కార్ల షోరూము, వెనకాల అపార్టుమెంట్లు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే బైపాస్ ఊరి నడిమధ్య వీధైపోయింది. బెంజ్ సర్కిల్లో రెండు జాతీయ రహదారులు ఒకే సిగ్నల్ దగ్గర అడ్డంగా కోసుకునేవి. అందుకే 2020లో ఒక ఫ్లైఓవర్, 2021లో దాని పక్కనే రెండోది వెయ్యాల్సి వచ్చింది.

హైదరాబాదు వైపు ఇబ్బంది వేరు. అక్కడ తప్పుకోవడానికి చోటే లేదు, ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు. వేరే దారి లేక రోడ్డునే పైకి లేపారు. రెండున్నర కిలోమీటర్ల పైన ఉన్న ఆరు వరసల దుర్గ గుడి ఫ్లైఓవర్, 2020 అక్టోబరు 16న ప్రారంభించారు. ఆ నెలలోనే కొండచరియలు విరిగిపడ్డాయి కూడా. ఆ కొండ కింద రోడ్డు ఎప్పుడూ భయం భయంగానే నడిచింది.

ఇన్ని కోట్లు పోసి వంతెనలు వేస్తున్నది ఒకటే తప్పుని సరిదిద్దడానికి: బైపాస్ వేసినప్పుడు దాన్ని బైపాస్‌గా ఉంచలేకపోయాం. కంచె వేసి, సర్వీస్ రోడ్లు ముందే వేసి, ఎక్కే దిగే చోట్లు పరిమితం చేసి ఉంటే ఆ తూర్పు బైపాస్ ఇంకో తరానికి సరిపోయేది. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఎందుకంటే గొల్లపూడి వైపు వేస్తున్నదాని విషయంలోనూ ఇదే జరిగే ప్రమాదం ఉంది.

నులకపేట_నుంచి:
అందరూ ఇవతలి ఒడ్డు గురించే మాట్లాడుతున్నారు. అవతలి ఒడ్డున మేమున్నాం.

బ్యారేజీ దిగి సీతానగరం, తాడేపల్లి, నులకపేట, డోలాస్ నగర్ మీదుగా మంగళగిరి పోయే రోడ్డుని మా వాళ్ళు ఇప్పటికీ పాత హైవే అంటారు. చిన్నప్పుడు ఇంటి ముందు రాత్రంతా లారీలే. అరుగు మీద పడుకుంటే మంచం అదిరేది. రోడ్డు పక్కన టీ బంకులు, పంక్చరు షాపులు, దాబాలు, రాత్రి పన్నెండింటికి కూడా అన్నం దొరికేది. వారధి రోడ్డు పడ్డాక ఒక్కసారిగా నిశ్శబ్దం. పిల్లలు రోడ్డు దాటడానికి భయం పోయింది, అది మంచిదే. కానీ దాని మీద బతికే కుటుంబాలకి తిండి పోయింది. కొందరు కొత్త రోడ్డు పక్కకి వెళ్ళి షాపు పెట్టుకున్నారు. స్థలం కొనలేనివాళ్ళు ఆటోలు తోలుకున్నారు, చేనేతలోకి, కూలికి పోయారు. రోడ్డు మారితే భూమి ధర ఎక్కడ పెరిగిందనే రాస్తారు. ఎవరి బేరం పోయిందో కూడా రాసుకో తమ్ముడూ.

2014 తర్వాత మళ్ళీ మా రోడ్డుకి బళ్ళొచ్చాయి. రాజధానికి పోవాలంటే బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు కరకట్ట ఎక్కాలి కదా. ఇరుకు దారి, పైగా ఉద్యోగుల కార్లు, బస్సులు, టిప్పర్లు. జాతీయ రహదారి వెళ్ళిపోయింది అనుకున్న చోటికి రాజధాని ట్రాఫిక్ వచ్చి కూర్చుంది.

కృష్ణలంక_కుర్రాడు:
తప్పకుండా రాసుకుంటానన్నా. ఈ కోణం నాకు తట్టలేదు. ఇప్పుడు గన్నవరం వైపు ఎవరైనా చెప్పండి.

ఎనికేపాడు_నివాసి:
నేను చెప్తాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఎనికేపాడులోనే ఉంటున్నా.

మా వైపు చిత్రం ఏంటంటే, మిగతా అన్ని చోట్లా హైవే పక్కకి జరిగింది, మాకు మాత్రం జరగలేదు. రామవరప్పాడు నుంచి ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి, గన్నవరం దాకా పాత ఏలూరు రోడ్డు ఎక్కడుందో జాతీయ రహదారి అక్కడే ఉంది. వెడల్పయింది, అంతే. దానికి కారణం మాస్టారు చెప్పిందే, కాలువలు. ఇక్కడ ఏలూరు కాలువ ఉంది, రైవస్ కాలువ ఉంది, ఎనికేపాడు దగ్గర బుడమేరు వాగు ఆ కాలువల కిందుగా తూము గుండా పోతుంది. దాన్ని మేం యూటీ అంటాం. ఆ నీటి మార్గాల మధ్య గట్టిగా ఉన్న చోటే రోడ్డు పడింది, పక్కకి జరగడానికి లేదు. ఇటు గన్నవరంలో విమానాశ్రయం, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యం కోసం వేసింది. ఈ మధ్య రన్‌వే పొడిగించడానికి ఏలూరు కాలువనే దారి మళ్ళించారు. రోడ్డుకి మాత్రం మళ్ళే చోటు లేదు.

ఊరు ఒక పక్క, బడి, బ్యాంకు, చర్చి, కూరగాయలు ఇంకో పక్క. మధ్యలో ఆరు వరసలు. డివైడర్ల మధ్య దాటే చోటు మూసేసిన ప్రతిసారీ ముసలివాళ్ళు యూ టర్న్ దాకా నడవలేక రెయిలింగ్ దూరి దాటుతున్నారు. మా వీధిలో ఈ రోడ్డు మీద మనిషిని పోగొట్టుకోని ఇల్లు వెతకాలి. చరిత్ర రాసేటప్పుడు ఇది కూడా చరిత్రే.

ఆటోనగర్_డ్రైవర్:
మేడం గారు చెప్పింది వంద శాతం నిజం. అటు పక్క రాత్రిపూట బండి తోలేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉంటది. ఊరిలాగా లైట్లుంటాయి, హైవే లాగా స్పీడుంటది. రెండూ ఒకచోట ఉండకూడదు.

గుంటూరు_అరండల్‌పేట:
పక్క ఊరి వాణ్ణి, ఒక ముక్క. గుంటూరులోనూ అదే జరిగింది. మద్రాసు రోడ్డు ఒకప్పుడు మంగళగిరి రోడ్డు మీదుగా ఊళ్ళోకొచ్చి చుట్టుగుంట దాటి చిలకలూరిపేట రోడ్డు పట్టేది. (మీకూ చుట్టుగుంట ఉంది, మాకూ ఉంది, ఆటో వాడికి ఊరు పేరు కూడా చెప్పాల్సి వస్తుంది.) తర్వాత బైపాస్ పెదకాకాని, బుడంపాడు, ఏటుకూరు మీదుగా ఊరికి తూర్పు దక్షిణాలుగా చుట్టి వెళ్ళింది. కానీ మాకు మధ్యలో ఏరు లేదు. అందుకే ఒక్కసారి మారి ఊరుకుంది. మీ రోడ్డు ఇన్ని చోట్ల తిరగడానికి కృష్ణే కారణమన్న మాస్టారి మాటకి మా ఊరే సాక్ష్యం.

పటమట_పాతకాపు:
ఇన్నర్ రింగు రోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. గొల్లపూడి వైపు నుంచి పైపుల రోడ్డు, పాయకాపురం మీదుగా రామవరప్పాడు రింగు దాకా. హైదరాబాదు నుంచి వైజాగు వెళ్ళే బళ్ళు కొండ కిందకి రాకుండా పోవడానికి వేశారు. అదీ ఇప్పుడు ఊరే.

సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు కూడా లెక్కలోకి తీసుకోండి. పాత రైలు పట్టాలు తీసేసిన జాగాలో వేసిన రోడ్డు అది. పట్టాలు కూడా మారిన ఊరండీ ఇది.

మాచవరం_మాస్టారు:
అది మంచి ఉదాహరణ. కాకపోతే అది ఊరి లోపలి రోడ్డు. హైవే కథలోకి లాగొద్దు, కుర్రాడు తికమక పడతాడు.

నున్న_మామిడి:
నమస్కారం. నున్న రైతుని. కొత్త పడమటి బైపాస్ మా పొలాల మీదుగా వెళ్ళింది కాబట్టి దాని గురించి నేను చెప్పాలి.

గన్నవరం దాటాక చిన అవుటపల్లి దగ్గర మొదలై నున్న, జక్కంపూడి మీదుగా గొల్లపూడి దాకా 30 కిలోమీటర్లు ఒక ప్యాకేజీ. గొల్లపూడి దగ్గర కృష్ణ దాటి వెంకటపాలెం దగ్గర దిగి, రాజధాని అంచు పట్టుకుని చినకాకాని, కాజ వైపు వెళ్ళి పాత హైవేలో కలిసేది దాదాపు 18 కిలోమీటర్లు, ఇంకో ప్యాకేజీ. ఈ బైపాస్ కావాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నారు. ముందు ఇచ్చిన కాంట్రాక్టు రద్దయింది, మళ్ళీ ముక్కలు చేసి ఇచ్చారు. కరెంటు హైటెన్షన్ లైన్ల దగ్గర కూడా పని ఆగింది.

మా దగ్గర మామిడి మార్కెట్ ఉంది. సీజన్లో లారీలు ఊరి దారుల్లో ఇరుక్కుని కాయ మగ్గిపోయేది. ఢిల్లీ వైపు పోయే లోడు నేరుగా హైవే ఎక్కితే రైతుకి మేలే. నేను ఈ రోడ్డుకి వ్యతిరేకిని కాను.

నా భయం నీళ్ళ గురించి. 2024 సెప్టెంబరు మొదట్లో ఏమైందో మీకందరికీ తెలుసు. బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి మునిగాయి. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. బుడమేరు నీళ్ళు ఏటిలోకి పోలేక వెనక్కి నిలిచాయి. ఈ కొత్త రోడ్డు ఎత్తైన కట్ట మీద పొలాల నడుమ అడ్డంగా వెళ్తుంది. దాని కింద తూములు, కల్వర్టులు సరిపడా ఉన్నాయా, వాటిలో పూడిక ఎవరు తీస్తారు? రోడ్డు వేసేటప్పుడు చూపించిన శ్రద్ధ పదేళ్ళ తర్వాత కూడా తూము మీద ఉండాలి.

సివిల్_సైట్:
నున్న రైతు గారు అడిగింది సరైన ప్రశ్న. ఎత్తుకట్ట రోడ్డు ఏదైనా నీటికి గోడే. దానికి తెరిచిన దారులెన్ని, అవి శుభ్రంగా ఉన్నాయా అన్నదాన్ని బట్టే ఊరు మునగడం, మునగకపోవడం. 2023 జులైలోనూ 2024 సెప్టెంబరులోనూ మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు హైవే మీదకి నీళ్ళొచ్చి బళ్ళు ఆగిపోయాయి. జాతీయ రహదారి కదా, మునగదులే అనుకోవడానికి లేదు.

ఇంకో విషయం గమనించండి. కొత్త వంతెన బ్యారేజీకి ఎగువన పడింది. పడవల నాటి నుంచి వారధి దాకా దాటే చోటు దిగువకి జరుగుతూ వచ్చింది. మొదటిసారి ఎగువకి వెళ్ళింది, అదీ కొండలకి అవతల. ఊరిని పూర్తిగా కుడి చేతికి వదిలేసి గుంటూరు వైపు నుంచి గన్నవరం వైపు పోయే దారి పడటం ఇదే మొదలు. ఆపైన అమరావతి అవుటర్ రింగు రోడ్డు 189 కిలోమీటర్లది ప్రతిపాదనలో ఉంది. అది వస్తే ఈ పడమటి బైపాస్ కూడా లోపలి రోడ్డవుతుంది.

ఆటోనగర్_డ్రైవర్:
దసరాకి ఇప్పుడు మమ్మల్ని ఎటు తిప్పుతారో తెలుసా? హైదరాబాదు నుంచి వైజాగు పోయే బళ్ళని ఇబ్రహీంపట్నం దగ్గర తిప్పి మైలవరం, నూజివీడు, హనుమాన్ జంక్షన్. చెన్నై నుంచి వచ్చేవాళ్ళని ఒంగోలు దగ్గరే చీరాల, బాపట్ల, రేపల్లె, పెనుమూడి వంతెన దాటి అవనిగడ్డ, పామర్రు, గుడివాడ, హనుమాన్ జంక్షన్. మాస్టారు గారు చెప్పిన లెక్క ప్రకారం పండగ రోజుల్లో హైవే పెనుమూడి దగ్గర ఏరు దాటుతున్నట్టే. డీజిలు ఎక్కువ, టైము ఎక్కువ, ఆ అదనపు డీజిలు ఖర్చు ఓనరు ఇవ్వడు. పడమటి బైపాస్ పూర్తిగా నడిస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. మా డ్రైవర్లం దాని కోసం ఎదురు చూస్తున్నాం.

నులకపేట_నుంచి:
బైపాస్ వస్తే కాజ, చినకాకాని దగ్గర హోటళ్ళ వాళ్ళకి మా గతే పడుతుందేమో. అక్కడివాళ్ళు ఇప్పుడే ఆలోచించుకోవాలి.

సివిల్_సైట్:
అంత పడకపోవచ్చు. గుంటూరు–విజయవాడ మధ్య రోజూ తిరిగే జనం, ఎయిమ్స్‌కి వచ్చేవాళ్ళు, రాజధాని బళ్ళు, ఇవన్నీ పాత దారిలోనే ఉంటాయి. తగ్గేది దూరం పోయే లారీలు. లారీల మీద బతికే దాబాలకీ, టైరు షాపులకీ మాత్రం దెబ్బే. కలిసే చోట వాళ్ళకి జాగా చూపించడం పెద్ద ఖర్చు కాదు, ఎవరూ ఆలోచించరు కాబట్టే జరగదు.

కృష్ణలంక_కుర్రాడు:
ఇప్పటిదాకా నాకు అర్థమైన వరస ఇది. 1957 వరకు సీతానగరం రేవు, పడవలు. 1957 నుంచి బ్యారేజీ, వన్ టౌన్, ఏలూరు రోడ్డు. 1990ల నుంచి వారధి, బెంజ్ సర్కిల్, రామవరప్పాడు. ఇప్పుడు గొల్లపూడి, వెంకటపాలెం. రామవరప్పాడు తర్వాత గన్నవరం దాకా మాత్రం అన్ని కాలాల్లోనూ ఒకటే రోడ్డు. అవుటపల్లి నుంచి పడమటి బైపాస్‌కి మళ్ళాక అక్కడ కూడా మొదటిసారి రద్దీ తగ్గుతుంది. సరేనా మాస్టారూ?

మాచవరం_మాస్టారు:
సరిగ్గా పట్టుకున్నావు. ఒకటి కలుపు. బస్టాండు కూడా రోడ్డు వెంటే నడిచింది. గవర్నరుపేట పాత బస్టాండు నుంచి 1990లో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కి మారింది, ఏటి ఒడ్డుకి, కాలువ పక్కకి. అప్పటికి వారధి ఆలోచన నడుస్తూనే ఉంది. మద్రాసు బస్సు ఊరు తిరక్కుండా ఏరు దాటేలా పడింది ఆ చోటు.

ఎనికేపాడు_నివాసి:
బాబూ, నీ వరసలో మా ముక్క దగ్గర "తగ్గుతుంది" అని రాశావు. లారీలు తగ్గొచ్చు. మెట్రో ప్రతిపాదనలో రామవరప్పాడు రింగ్ నుంచి నిడమానూరు దాకా 4.7 కిలోమీటర్లు డబుల్ డెక్కర్ అంటున్నారు, కింద రోడ్డు, మధ్యలో ఫ్లైఓవరు, పైన మెట్రో. కట్టేన్నాళ్ళు ఆరు వరసల్లో ఎన్ని మూస్తారో, మేం ఎటు నుంచి ఎటు దాటాలో ఎవరూ చెప్పడం లేదు. బెంజ్ సర్కిల్ కట్టినప్పుడు పటమట వాళ్ళు ఏం పడ్డారో చూశాం కదా.

పటమట_పాతకాపు:
చూశాం కాదమ్మా, పడ్డాం. దుమ్ముకి షాపులకి కర్టెన్లు కట్టుకుని కూర్చున్నాం. ఆంబులెన్సులు సందుల్లోంచి తిరిగి వచ్చేవి.

సివిల్_సైట్:
మేడం, స్తంభాలు డివైడర్ మీద వస్తాయి కాబట్టి కట్టేటప్పుడు రెండు పక్కలా లోపలి వరసలు పోతాయి. సర్వీస్ రోడ్లు ముందే బాగు చేసి, వాటి మీద ఆక్రమణలు తీసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి. దాటడానికి స్తంభాల మధ్య భూమి మీదే సిగ్నల్ ఉన్న దారులు కావాలి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ముసలివాళ్ళు ఎక్కరు, లిఫ్టు పెట్టినా నెల తిరక్కుండా ఆగిపోతుంది. పంచాయతీల నుంచి ఇప్పుడే రాతపూర్వకంగా అడిగితే డిజైనులో పెట్టించుకోవచ్చు. కాంక్రీటు పోశాక అడిగితే ఎవరూ వినరు.

ఎనికేపాడు_నివాసి:
అయితే ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు మూడు ఊళ్ళ వాళ్ళం కలిసి ఒకే కాగితం పెడతాం. బడి దగ్గర ఒకటి, చర్చి దగ్గర ఒకటి, యూటీ దగ్గర ఒకటి, ప్రతి ఊరి బస్టాపు దగ్గర ఒకటి దాటే చోటు. సైట్ గారూ, ఆ చోట్లు ఎంత దూరానికి ఒకటి ఉండాలో మీరు రాసిస్తే మేం సంతకాలు పెట్టిస్తాం.

సివిల్_సైట్:
రాసిస్తాను. ఆదివారం పొద్దున రింగ్ దగ్గర నుంచి నిడమానూరు దాకా ఎవరైనా నాతో నడవగలరా? జనం ఇప్పుడు ఎక్కడ దాటుతున్నారో చూసి ఆ చోట్లే గుర్తుపెడదాం.

ఆటోనగర్_డ్రైవర్:
నేనొస్తా. లారీలు ఎక్కడ ఆగలేవో నేను చూపిస్తా.